చేయని దొంగతనానికి సౌదీలో 131 రోజులు జైలు, నష్టపరిహారం ఎవరిని అడగాలి?

కోరుట్ల_శ్రీను

మా తమ్ముడి విషయం ఇది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికతో చదవండి. ఆరేళ్లుగా సౌదీలో ఒక కంపెనీలో డ్రైవర్. నిరుడు గోడౌన్‌లో ఏసీ కంప్రెసర్లు కొన్ని లెక్కకు తగ్గాయి. ఆ రోజు లోడు తీసుకుపోయింది మావాడి బండి కాబట్టి దారిలో వాడే అమ్ముకున్నాడని కంపెనీ వాళ్లు కేసు పెట్టారు. 131 రోజులు జైల్లో ఉన్నాడు. తర్వాత ఆ సామాను ఇంకో గోడౌన్ లెక్కలో తేలింది. వదిలేశారు. వదిలేశారంటే రూముకు పోలేదు. జైలు నుంచి తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపేసే వాళ్లను ఉంచే చోటుకు, అక్కడ 19 రోజులు, అక్కడి నుంచి ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టుకు బదులు ఎంబసీ ఇచ్చే కాగితం మీద, శంషాబాద్‌కు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అంతే. మూడు నెలల జీతం రాలేదు, ఆరేళ్ల సర్వీసు డబ్బులూ రాలేదు.

వచ్చి ఏడు నెలలు దాటింది. ఎంబసీ నుంచి ఒకాయన రెండుసార్లు జైలుకు వచ్చి మాట్లాడాడు, ఔట్‌పాస్ కూడా తొందరగానే ఇచ్చారు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ ఐదు నెలలు మేం ఇక్కడ మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపాం. చేయని తప్పుకు 150 రోజులు పోయాయి. దానికి నష్టపరిహారం అనేది ఉంటుందా? ఉంటే ఎవరిని అడగాలి, మన ప్రభుత్వాన్నా, వాళ్ల ప్రభుత్వాన్నా, కంపెనీనా? ఢిల్లీ వాళ్లు మన తరఫున అడగరా?

మెట్‌పల్లి_రాజన్న

ప్రాణంతో వచ్చాడు, అది చాలనుకో తమ్మీ. మా ఊరికి పెట్టెల్లో వచ్చిన వాళ్లు ఉన్నారు.

దమ్మామ్_15ఏళ్లు

రాజన్నా, ఆ మాట నేనూ ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు చెప్పడం మానేశాను. నాకు జరిగింది చెప్తా. జీతం అడిగినందుకు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నా మీద హురూబ్ పెట్టాడు, అంటే పనిలోంచి పారిపోయాడని రాసిచ్చేశాడు. నేను పారిపోలేదు, అతని తోటలోనే ఉన్నాను. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, చెల్లకుండా పోయింది, ఒక్కరోజులో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోయాను. రోడ్డు మీద చెకింగ్‌లో పట్టుకుని 22 రోజులు ఉంచారు. బయటికొచ్చాక లేబర్ కోర్టులో జీతం బాకీ గెలిచాను, ఎందుకంటే బ్యాంకు మెసేజ్‌లు దాచుకున్నాను. ఆ 22 రోజులకు మాత్రం ఒక్క రియాల్ లేదు. ఎవరూ ఇవ్వనన్నది కాదు, అడగొచ్చని నాకే తెలియలేదు. శ్రీను అడుగుతున్నాడు కదా, అడగనివ్వండి.

విశాఖ_అడ్వకేట్

శ్రీను గారూ, మీరు ఒకే ప్రశ్నలో మూడు అడిగారు. ముందు ఢిల్లీ సంగతి చెప్తా.

దీన్ని దౌత్య రక్షణ అంటారు. ఒక దేశం పరాయి పౌరుడికి అన్యాయం చేస్తే, ఆ పౌరుడి సొంత దేశం దాన్ని తనకే జరిగిన అన్యాయంగా ఎత్తుకుని పరిహారం అడగొచ్చు. మెలిక ఎక్కడుందంటే అడిగే హక్కు దేశానిది, మీ తమ్ముడిది కాదు. అడగాలో వద్దో, ఎంతకు ఒప్పుకోవాలో, మధ్యలో వదిలేయాలో అంతా దేశం ఇష్టం. వచ్చిన డబ్బు బాధితుడికి ఇచ్చేయాలని 2006లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం రాసిన ముసాయిదాలో కూడా సలహాగానే ఉంది, ఆదేశంగా లేదు. రెండో మెలిక, ముందు అక్కడి కోర్టుల్లో ఉన్న దారులన్నీ తిరిగి రావాలి. మనిషిని విమానం ఎక్కించి పంపేశాక అక్కడి కోర్టుకు ఎలా వెళ్తాడని అడుగుతారు మీరు. అదే అసలు చిక్కు.

గెలిచిన కేసు లేకపోలేదు. అహ్మదు సాదియో డియాల్లో అని గినీ దేశపు వ్యాపారి, అప్పటి జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో ఉండేవాడు. 1995-96లో రెండు విడతలుగా 72 రోజులు నిర్బంధించి దేశం నుంచి పంపేశారు. 1998లో గినీ ప్రభుత్వం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2010లో ఆ అరెస్టులు అక్రమమని తీర్పు వచ్చింది. పరిహారం ఎంతో తేలింది 2012 జూన్ 19న, 95 వేల డాలర్లు. అందులో 85 వేలు ఆయన పడ్డ క్షోభకు, 10 వేలు పోయిన సామానుకు. గినీ అడిగింది కోటి డాలర్ల పైమాట. సంపాదన పోయిందన్న దానికి కాగితాలు చూపించలేకపోయారు, ఆ పద్దు కింద సున్నా.

వరంగల్_కిరణ్

72 రోజులకు 95 వేల డాలర్లు! శ్రీను వాళ్ల తమ్ముడివి 150 రోజులు. గినీ లాంటి చిన్న దేశం తన మనిషి కోసం హేగ్ దాకా వెళ్తే మనం ఎందుకు వెళ్లం? పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాధవ్ కోసం వెళ్లాం కదా, 2019లో గెలిచాం కదా.

విశాఖ_అడ్వకేట్

కిరణ్, ఆ కోర్టుకు ఎవరు పడితే వాళ్లు ఎవరి మీద పడితే వాళ్ల మీద వెళ్లలేరు. రెండు దేశాలూ ముందే ఒప్పుకుని ఉండాలి. గినీ, కాంగో రెండూ ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నాయి కాబట్టి నడిచింది. సౌదీ అలా ఒప్పుకోలేదు. జాధవ్ కేసులో మనకు తలుపు తెరిచింది 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం, దాని అనుబంధ ప్రోటోకాల్. ఆ ఒప్పందం 36వ నిబంధన ప్రకారం విదేశీయుణ్ణి పట్టుకుంటే నీ ఎంబసీకి కబురు చేయాలా అని అతన్ని అడగాలి, ఎంబసీ వాళ్లను కలవనివ్వాలి. పాకిస్తాన్ కలవనివ్వలేదు. తీర్పు 15-1తో మనకు అనుకూలంగా వచ్చింది, నిజమే. కానీ వచ్చిన పరిష్కారం శిక్షను మళ్లీ సమీక్షించమని, డబ్బు కాదు. శ్రీను గారి కేసులో ఎంబసీ మనిషి జైలుకు వెళ్లాడని ఆయనే రాశారు, కాబట్టి 36 కూడా మనకు పనికిరాదు.

వరంగల్_కిరణ్

అంటే ఎంబసీ వాళ్లు మంచిగా పనిచేస్తే కేసు పోతుందా, ఇదెక్కడి న్యాయం.

విశాఖ_అడ్వకేట్

ఆ ఒక్క దారి మూసుకుపోతుంది, అంతే. మంచిగా పనిచేశారు కాబట్టే 131 రోజులకైనా బయటపడ్డాడు.

తణుకు_మాస్టారు

అందరూ సౌదీని అడుగుతున్నారు, మన ఇంటి సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం అని ఒకటుంది. దాని 9వ అధికరణం 5వ క్లాజు ప్రకారం అక్రమంగా అరెస్టయిన ప్రతి మనిషికీ పరిహారం పొందే హక్కు ఉంది. 1979లో మనం ఆ ఒప్పందంలో చేరుతూ ఒక మాట చేర్చి సంతకం పెట్టాం. అక్రమ అరెస్టుకు ప్రభుత్వం నుంచి పరిహారం రాబట్టే హక్కు భారత న్యాయవ్యవస్థలో లేదు కాబట్టి ఆ నిబంధనను ఆ మేరకే అన్వయించుకుంటామని. తర్వాత 1983లో రుదుల్ సా కేసులో సుప్రీంకోర్టే ముందుకొచ్చి, నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైల్లో మగ్గిన మనిషికి 30 వేలు ఇప్పించింది. గూఢచారి కేసులో తప్పుగా ఇరికించిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారికి 2018లో 50 లక్షలు ఇమ్మంది. ఇవన్నీ కోర్టుల దయతో వచ్చినవే, ఇన్ని రోజులకు ఇంత అని చెప్పే చట్టం ఈనాటికీ లేదు. చట్టం తేవాలని లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది. మన దేశంలో చట్టం లేని హక్కును మన దౌత్యవేత్త ఇంకో దేశం గుమ్మంలో నిలబడి ఏ నోటితో అడుగుతాడు? నాకు ఇది చాలా ఏళ్లుగా బాధ.

మెట్‌పల్లి_రాజన్న

మాస్టారు చెప్పింది మనసుకు తగిలింది. నేను ముందు రాసింది వెనక్కి తీసుకుంటున్నా శ్రీనూ.

టోక్యో_వాసు

చట్టం ఉన్న చోట ఎలా ఉంటుందో చెప్తాను. జపాన్‌లో నిర్దోషిగా తేలిన మనిషికి లోపల ఉన్న ప్రతి రోజుకూ పరిహారం ఇవ్వాలని 1950 నుంచే చట్టం ఉంది, ఇప్పుడది రోజుకు 1,000 నుంచి 12,500 యెన్‌ల దాకా. నేపాల్ నుంచి వచ్చిన ఒక కార్మికుడు హత్య కేసులో 15 ఏళ్లు జైల్లో ఉన్నాడు. డీఎన్‌ఏ పరీక్షతో 2012లో నిర్దోషిగా బయటపడ్డాడు. మరుసటి ఏడాది రోజుకు 12,500 చొప్పున లెక్కగట్టి సుమారు 6 కోట్ల 80 లక్షల యెన్‌లు ఇచ్చారు. అతను అప్పటికే ఖాట్మండు వెళ్లిపోయాడు, అయినా ఆగలేదు. నేపాల్ ప్రభుత్వం బతిమాలాల్సిన పని పడలేదు. జర్మనీలో కూడా ఇలాంటి చట్టమే, 2020 నుంచి రోజుకు 75 యూరోలు.

వరంగల్_కిరణ్

15 ఏళ్ల వయసు తిరిగొస్తుందా వాసూ.

టోక్యో_వాసు

రాదు. అతను కూడా అదే అని ఉంటాడు. కానీ శ్రీను గారి తమ్ముడికి వయసూ పోయింది, డబ్బూ లేదు కదా.

డెట్రాయిట్_పద్మ

అమెరికా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ఎందుకంటే దీనిలో దెబ్బతిన్నది ఎక్కువగా మన తెలుగు పిల్లలే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు పిల్లల కాళ్లకు జాడ కనిపెట్టే రేడియో కాలర్లు తగిలించారు, అప్పుడు మన టీవీల్లో రోజంతా అదే. మన విదేశాంగ శాఖ గట్టిగా అభ్యంతరం చెప్పింది. తర్వాత 2019 జనవరి చివర్లో మా పక్కనే ఫార్మింగ్టన్. అది నిజం యూనివర్సిటీయే కాదు, అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులే వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. ఫీజులు మాత్రం నిజంగా కట్టించుకున్నారు. మొదట పట్టుకున్న 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ మన దేశం వాళ్లే. ఫిబ్రవరి 2న ఢిల్లీలో అమెరికా ఎంబసీకి మన ప్రభుత్వం డిమార్ష్ ఇచ్చింది, అంటే అధికారికంగా నిరసన పత్రం. పిల్లల్ని కలవనివ్వాలి, గౌరవంగా చూడాలి, వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా పంపేయొద్దు అని. ఇరవై నాలుగ్గంటల హెల్ప్‌లైన్ పెట్టారు. ఆ రాత్రుల్లో మేం కొందరం డిటెన్షన్ సెంటర్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాం, ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఒంగోలు నుంచి ఫోన్ చేసి మా అమ్మాయికి చలి కోటు ఉందా అమ్మా అని అడిగిన గొంతు నేను మర్చిపోలేను.

అంత చేసినా డబ్బు మాట మాత్రం ప్రభుత్వం ఎత్తలేదు. ఆ మాట ఎత్తింది విద్యార్థులే. కట్టిన ఫీజు తిరిగివ్వమని అమెరికా ప్రభుత్వం మీద కేసు వేశారు, కింది కోర్టు కొట్టేసింది, 2024 జూన్‌లో పైకోర్టు ఆ కేసు నడవాల్సిందేనని తిప్పి పంపింది. దౌత్యం పిల్లల దగ్గరికి మనిషిని పంపగలిగింది, డబ్బు దగ్గరికి మాత్రం లాయరే వెళ్లాల్సి వచ్చింది.

విశాఖ_అడ్వకేట్

పద్మ గారు మంచి సంగతి ఎత్తారు. అమెరికాలో ఫెడరల్ అధికారి తప్పుగా అరెస్టు చేస్తే విదేశీయుడు కూడా పరిహారం అడగొచ్చు. కానీ రెండేళ్లలోపు ఆ శాఖకు రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి, అది పెట్టకుండా నేరుగా కోర్టుకు వెళ్తే కొట్టేస్తారు. చాలామంది పిల్లలు ఇంటికి వచ్చి, సిగ్గుతో ఎవరికీ చెప్పక, ఆ రెండేళ్లు దాటబెట్టేస్తారు.

బెంగళూరు_రవళి

డాక్టర్ హనీఫ్ గుర్తున్నాడా ఎవరికైనా? మా ఊరి డాక్టర్, ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్ట్ ఆస్పత్రిలో పనిచేసేవాడు. 2007 జూలై 2న బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు, బ్రిటన్‌లో చుట్టానికి తన పాత సిమ్ కార్డు ఇచ్చాడన్నదే నేరం. 12 రోజులు ఏ అభియోగమూ లేకుండా ఉంచారు. ఆ సిమ్ గ్లాస్గోలో దాడికి వాడిన జీపులో దొరికిందన్నారు, నిజానికి అది దొరికింది లివర్‌పూల్‌లో. బెయిల్ వచ్చిన రోజే మంత్రి వీసా రద్దు చేశాడు. మన ప్రభుత్వం ఆస్ట్రేలియా హైకమిషనర్‌ను పిలిపించి మాట్లాడింది. జూలై 27న కేసు ఎత్తేశారు. తర్వాత క్లార్క్ విచారణ నివేదిక ఆయన తప్పేమీ లేదని తేల్చింది, 2010 చివర్లో పరిహారం ఒప్పందం కుదిరింది, ఎంతో బయట పెట్టలేదు. గమనించండి, అది కూడా ఆయన లాయర్లు కూర్చుని కుదుర్చుకున్నదే. మన ప్రభుత్వం బయటికి తీసుకురావడానికి ఒత్తిడి తెచ్చింది, అక్కడితో దాని పని అయిపోయింది.

సిక్కోలు_అప్పన్న

మా వైపు సంగతి చెప్తాను. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మనోళ్లు పాకిస్తాన్ వాళ్లకు దొరికిపోయారు. కరాచీ జైలు. ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లే. పద్నాలుగు నెలలు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 5 లక్షలు ఇచ్చింది. పాకిస్తాన్ నుంచి పైసా లేదు, పడవలు కూడా రాలేదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో 73వ నిబంధన ఉంది, తీర దేశానికే వేట హక్కున్న సముద్ర భాగంలో (ఈఈజెడ్) చేపల వేట తప్పుకు దేశాలు ఒప్పుకుంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు అని. నీళ్ల మీద గీత ఎక్కడుందో ఎవడికి కనబడుతుంది? రెండు వైపులా ఇదే చేస్తారు, వాళ్ల జాలర్లు మన జైళ్లలో ఉంటారు. అందుకే ఎవరూ ఎవరినీ పరిహారం అడగరు.

డెట్రాయిట్_పద్మ

అప్పన్న గారూ, సొంత ప్రభుత్వం ఇవ్వడం కూడా ఒక దారే. కెనడా పౌరుడు మాహెర్ అరార్‌ను 2002లో న్యూయార్క్ విమానాశ్రయంలో పట్టుకుని సిరియాకు పంపారు, అక్కడ ఏడాది చిత్రహింసలు. 2007లో కోటీ 5 లక్షల కెనడా డాలర్లు ఇచ్చి ప్రధాని క్షమాపణ చెప్పింది కెనడాలోనే, ఎందుకంటే తప్పుడు సమాచారం ఇచ్చింది కెనడా పోలీసులే. అమెరికా కోర్టులు ఆయన కేసు కొట్టేశాయి.

వరంగల్_కిరణ్

డబ్బు ఎప్పుడూ పట్టుకున్న దేశం ఇవ్వదన్నమాట.

విశాఖ_అడ్వకేట్

అంత తేల్చేయకు. హనీఫ్‌కు ఆస్ట్రేలియా ఇచ్చింది కదా. ప్రభుత్వాలు మాట్లాడుకుని ఇప్పించింది కావాలంటే ఇటలీ ఉంది. 2012లో కేరళ తీరంలో ఇటలీ మెరైన్లు ఇద్దరు జాలర్లను కాల్చి చంపిన కేసులో, 2020లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ మనకు పరిహారం రావాలంది. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని 10 కోట్లకు కుదుర్చుకున్నాయి, ఆ డబ్బు విదేశాంగ శాఖ ద్వారా సుప్రీంకోర్టుకు వచ్చింది, 2021లో కుటుంబాలకు చెరో 4 కోట్లు, పడవ యజమానికి 2 కోట్లు. అది అరెస్టు కేసు కాదు, ప్రాణాల కేసు. కానీ దేశానికీ దేశానికీ మధ్య డబ్బు ఎలా నడుస్తుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

లక్ష్మి_ఆర్మూర్

నేను చదువుకున్న దాన్ని కాదు, ఇలాంటి చోట్ల ఎప్పుడూ రాయలేదు, మా అమ్మాయి టైప్ చేస్తోంది. మా ఆయన గల్ఫ్‌లో మేస్త్రీ. ఇంకెవరిదో పేరు, ఈయన పేరు ఒకటే అని పట్టుకుని 9 రోజులు పెట్టారు. వేలిముద్రలు చూసి కాదని వదిలారు. మన వాళ్లు కంపెనీకి ఉత్తరం రాస్తే ఆ 9 రోజుల జీతం ఇచ్చారు. సంతోషమే. కానీ ఆ ఉత్తరం మా ఆయన ఫొటో తీసి పంపాడు. మానవతా దృక్పథంతో పరిశీలించగలరు అని ఉంది అందులో. మా ఆయన భిక్షం అడిగాడా? తొమ్మిది రోజులు నాకు ఫోన్ లేదు, ఏమయ్యాడో తెలియదు, మా అత్త అన్నం మానేసింది. వాళ్లు తప్పు చేశారు, కట్టాలి అని ఎందుకు రాయరు?

విశాఖ_అడ్వకేట్

అమ్మా, మీరు అడిగింది ఈ చర్చలో అందరికన్నా సూటిగా ఉంది. తప్పు చేశారు కట్టండి అని రాస్తే అవతలి వాళ్లు తప్పు జరగలేదని జవాబు రాస్తారు, ఫైలు అక్కడే ఆగుతుంది. మానవతా దృక్పథం అని రాస్తే తప్పు ఒప్పుకోకుండా డబ్బు ఇచ్చే వీలు వాళ్లకు దొరుకుతుంది. మనం రోజూ పేపర్లో చదివే ఎక్స్‌గ్రేషియా అనే మాటకు అసలు అర్థం అదే, బాధ్యత ఒప్పుకోకుండా ఇచ్చేది. దౌత్యం నడిచే పద్ధతి ఇది. సరైనదని నేను అనను.

లక్ష్మి_ఆర్మూర్

అర్థమైంది సార్. అయినా నాకు నచ్చలేదు.

దమ్మామ్_15ఏళ్లు

లక్ష్మక్కా, నాకూ నచ్చలేదు.

శ్రీనూ, ఒక్క మాట అడగాలని రెండు రోజులుగా అనుకుంటున్నా. తమ్ముడు వచ్చేటప్పుడు చేతిలో ఏ కాగితాలు ఉన్నాయి? కోర్టు తీర్పు ఉందా? ఔట్‌పాస్ కాదు, తీర్పు.

కోరుట్ల_శ్రీను

రెండు కాగితాలున్నాయి, రెండూ అరబ్బీలో. తీర్పు అనే అనుకుంటున్నాం. వాడికి అరబ్బీ మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. పేరు, అకామా నంబరు మూసేసి ఫొటో పెడుతున్నా.

నిర్వాహకుడు

ఫొటోలో పాస్‌పోర్టు నంబరు ఒక మూల కనిపిస్తోంది, తీసేశాను. అది కూడా మూసి మళ్లీ పెట్టండి.

పాతబస్తీ_ఖలీల్

నాకు అరబ్బీ చదవడం వచ్చు, రియాద్‌లో ఎనిమిదేళ్లు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేశాను. శ్రీను భాయ్, రెండుసార్లు చదివి రాస్తున్నాను, మీకు నచ్చకపోవచ్చు.

మొదటి కాగితం తీర్పు కాదు. అందులో కోర్టు మాటే లేదు. కంపెనీ ప్రతినిధి తన ఫిర్యాదు తనాజుల్ చేశాడని, అంటే వదులుకున్నాడని, అందుకని ఫైలు మూసేస్తున్నామని ప్రాసిక్యూషన్ ఆఫీసు రాసింది. మీ తమ్ముడు దొంగతనం చేయలేదని ఎక్కడా లేదు. సామాను దొరికిందన్న సంగతి కూడా లేదు. చదివితే కంపెనీ దయతలచి వదిలేసినట్టు ఉంటుంది.

రెండోది జీతం, సర్వీసు డబ్బులు అన్నీ ముట్టాయి, ఇక కంపెనీ మీద నాకు ఏ హక్కూ బాకీ లేదు అని. కింద మీ తమ్ముడి సంతకం, వేలిముద్ర.

కోరుట్ల_శ్రీను

వాణ్ణి అడిగాను. తర్హీల్‌లో ఉండగా కంపెనీ పీఆర్వో వచ్చి ఇది పెడితేనే టికెట్ అన్నాడట. చదివి వినిపించలేదు. నాలుగు రోజుల్లో పంపేస్తామన్నాడు, ఇంటికి పోతానన్న సంతోషంలో పెట్టేశాను అన్నా అంటున్నాడు. చెబుతూ ఏడుస్తున్నాడు. నాకు ఏం రాయాలో తెలియట్లేదు.

మెట్‌పల్లి_రాజన్న

తమ్ముణ్ణి ఏమీ అనకు శ్రీనూ. ఆ చోట ఎవరైనా పెడతారు. నేనైతే తెల్లకాగితం మీద పెట్టేవాణ్ణి.

విశాఖ_అడ్వకేట్

రాజన్న గారు చెప్పింది నిజం, తమ్ముడి తప్పేం లేదు. ఇప్పుడు లెక్క చూద్దాం.

సౌదీ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో, దురుద్దేశంతో పెట్టిన ఆరోపణ వల్లగానీ, ఉంచాల్సిన దానికన్నా ఎక్కువ కాలం లోపల ఉంచడం వల్లగానీ నష్టపోయిన వాడు పరిహారం అడగొచ్చని ఉంది. ఎక్కడ అడగాలి అంటే అసలు కేసు విన్న కోర్టులో. ఖలీల్ గారు చదివిన దాని ప్రకారం ఈ కేసు కోర్టుకే వెళ్లలేదు. విన్న కోర్టు లేదు, నిర్దోషి అన్న తీర్పు లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం వేరు, నిర్దోషి అని తేలడం వేరు. క్షమాభిక్ష కూడా ఇలాంటిదే. ఖతర్‌లో మన మాజీ నౌకాదళ అధికారులు ఎనిమిది మందికి 2023లో మరణశిక్ష పడి, 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యారు, వాళ్లలో మన విశాఖ ఆయన కూడా ఉన్నారు. దౌత్యం సాధించిన గొప్ప విజయం అది, నేను ఆ రోజు స్వీట్లు పంచాను. కానీ రాజుగారు వదిలేస్తే వచ్చిన మనిషి మళ్లీ వెనక్కి తిరిగి నాకు పరిహారం ఇవ్వండని అడగలేడు. మనిషిని త్వరగా తేవాలంటే ఎంబసీకి ఈ దారులే దగ్గర. ఆ దారిలో వచ్చినవాడి చేతిలో పరిహారం అడిగే కాగితం ఉండదు.

తణుకు_మాస్టారు

అంటే ఎంబసీ మనిషి ఆ రోజు తర్హీల్‌లో ఉండి, బాబూ ఈ రెండో కాగితం మీద పెట్టకు అని ఒక్క మాట చెప్పి ఉంటే కథ వేరేలా ఉండేది.

దమ్మామ్_15ఏళ్లు

మాస్టారూ, అక్కడ లక్షల్లో మనవాళ్లు, ఎంబసీలో పదుల్లో మనుషులు. విదేశీ జైళ్లలో మన వాళ్లు పదివేల మందికి పైగా ఉన్నారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది, అందులో సౌదీ, యూఏఈల్లోనే సగం దాకా. ప్రతి సంతకం పక్కన ఒక మనిషిని నిలబెట్టలేరు. ఆ మాట మనం ఊళ్లోనే చెప్పి పంపాలి, వీసా చేతికొచ్చిన రోజే.

తణుకు_మాస్టారు

వీసా వచ్చిన రోజు మన వాళ్లు ఏజెంటు మాట తప్ప వింటారా.

వరంగల్_కిరణ్

ఇక్కడే మన కోర్టులో ఆ దేశం మీద కేసు వేస్తే?

విశాఖ_అడ్వకేట్

సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్. కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా విదేశీ రాజ్యం మీద ఇక్కడ దావా వేయలేం. పోలీసు అరెస్టు లాంటి సార్వభౌమ చర్యకు అనుమతి రావడం నేను చూడలేదు.

లక్ష్మి_ఆర్మూర్

అయితే ఏమీ లేదా సార్ ఆ అబ్బాయికి?

విశాఖ_అడ్వకేట్

జైలు రోజులకు పరిహారం అన్నది దాదాపు లేనట్టే అమ్మా, అబద్ధం చెప్పను. జీతం, సర్వీసు డబ్బులు మాత్రం ఇంకా చేయి దాటలేదు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపు దావా వేయాలి. శ్రీను గారి తమ్ముడు వచ్చి ఏడు నెలలు దాటింది. ఉద్యోగం ముగిసిన తేదీ కంపెనీ రికార్డులో అరెస్టు రోజు అని ఉంటే గడువు ఈపాటికే నిండి ఉండొచ్చు, పంపేసిన రోజు అని ఉంటే ఇంకా ఉంది, అందుకని రేపే మొదలుపెట్టండి. సర్వీసు డబ్బులు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల. ఆరేళ్లకు మూడున్నర నెలలు. బాకీ ఉన్న మూడు నెలలు కలిపితే ఆరున్నర.

దమ్మామ్_15ఏళ్లు

ఆ వేలిముద్ర కాగితం అడ్డం వస్తుంది కదా.

విశాఖ_అడ్వకేట్

వస్తుంది. నిర్బంధంలో ఉండగా, చదవలేని భాషలో, టికెట్ ఆశ చూపి పెట్టించారని మొదటి లైనులోనే రాయాలి. అన్నీ ముట్టాయని కంపెనీ అంటే, బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు పడినట్టు చూపించమని అడగాలి. పడలేదు కాబట్టి చూపించలేరు. గ్యారంటీ ఇవ్వను, కానీ వదిలేయదగ్గ కేసు కాదు.

పాతబస్తీ_ఖలీల్

జీతాలు అక్కడ బ్యాంకు ద్వారానే పడాలి, కాబట్టి స్టేట్‌మెంట్ చాలా బలం. తమ్ముడి పాత సిమ్ ఇంకా పనిచేస్తుంటే బ్యాంకు యాప్ తెరిపించండి. నేను రెండు కాగితాలకూ ఉర్దూ, ఇంగ్లిష్ అనువాదం రాసిస్తాను, డబ్బులేం వద్దు. నోటరీ ముద్ర వేసే అనువాదకుడు నాంపల్లిలో నాకు తెలుసు, ఆయనకు మాత్రం ఫీజు కట్టాలి.

దమ్మామ్_15ఏళ్లు

ఎంబసీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాయాలి. 2022 డిసెంబరు నుంచి సౌదీ కూడా అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, ఒప్పుకుంటోంది, ముందులా ఢిల్లీలో వాళ్ల ఎంబసీ ముద్ర కోసం తిరగక్కర్లేదు. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ అపోస్టిల్, ఈ వరుసలో. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, నంబరు వస్తుంది, ఆ నంబరుతోనే ఎంబసీకి మెయిల్ రాయండి. బేగంపేట ప్రజాభవన్‌లో గల్ఫ్ వాళ్ల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి ఉంది, మంగళ, శుక్రవారాలు. అక్కడ కూడా ఒక అర్జీ ఇవ్వండి, రాష్ట్రం నుంచి ఉత్తరం వెళ్తే ఫైలు కదులుతుంది.

వరంగల్_కిరణ్

ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది కదా, ఐసీడబ్ల్యూఎఫ్. అందులోంచి ఏమైనా?

దమ్మామ్_15ఏళ్లు

అది 2009లో పెట్టారు. కష్టంలో ఉన్నవాడికి టికెట్, చిన్న జరిమానాలు, లాయరు ఖర్చు, చనిపోతే పార్థివదేహం పంపడం, వీటికి. జైలు రోజులకు పరిహారం దానిలో రాదు. లాయరు ఖర్చు మాత్రం అడగండి శ్రీనూ, అది నిబంధనల్లో ఉంది.

లక్ష్మి_ఆర్మూర్

శ్రీను తమ్ముడూ, అర్జీలో మానవతా దృక్పథం అని రాయకండి.

విశాఖ_అడ్వకేట్

లక్ష్మి గారూ, ఈసారి రాయం. జీతం బాకీకి ఆ మాట అవసరం లేదు, అది చట్టప్రకారం హక్కు. డ్రాఫ్టు నేను రాసి పంపుతాను.

కోరుట్ల_శ్రీను

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, పదిరోజులు తిరుగుడే సరిపోయింది. మదద్‌లో పెట్టాం, నంబరు వచ్చింది. ఖలీల్ భాయ్ అనువాదం చేసిచ్చాడు, నాంపల్లిలో మాతో పాటు రెండు గంటలు నిలబడ్డాడు, చాయ్ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు. పవర్ ఆఫ్ అటార్నీ అపోస్టిల్‌కు ఇచ్చాం. తమ్ముడి పాత సిమ్ చార్జింగ్ పెట్టి చూస్తే బ్యాంకు మెసేజ్‌లు ఇంకా ఉన్నాయి, చివరి జీతం పడిన తేదీ అరెస్టుకు మూడు నెలల ముందు. స్క్రీన్‌షాట్లు తీశాం.

విశాఖ సార్ రాసిన అర్జీ తమ్ముడికి చదివి వినిపించాను. మొదటి పేజీలో, ఈ వ్యక్తి ఏ దొంగతనమూ చేయలేదు అని ఉంది. ఆ లైను మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇది ఆ కంపెనీకి కూడా పోతుందా అన్నా అని అడిగాడు. పోతుందని చెప్పాను. అప్పుడు సంతకం పెట్టాడు, ఈసారి ప్రతి పేజీ తిప్పి చూసి.